రాగి వచ్చిన దారి

సూరత్‌లో మనవాళ్లనగానే అందరికీ గుర్తొచ్చేవి పవర్‌లూమ్‌లే. తెలంగాణ నుంచి వెళ్లిన పద్మశాలి కుటుంబాలు అక్కడ తరాలుగా స్థిరపడ్డాయి. అలాంటి ఇంట పుట్టి, జరీ తీగ లాగే వీధుల్లో పెరిగిన ఈ చిరంజీవి జపాన్ పాత కంచు కళాఖండాల మీద తెలుగులో పుస్తకం రాశాడు. రాతప్రతి ఆసాంతం చదివాను. మనసారా ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

పుస్తకానికి ఆయువుపట్టు మొదటి అధ్యాయం. జపాన్ లోహం సూరత్‌కి మొదట వచ్చింది కళాఖండాలుగా కాదు, కడ్డీలుగా. 1641 తర్వాత నాగసాకి రేవులోని దెజిమా దీవి నుంచి డచ్చి కంపెనీ ఓడలు తెచ్చిన రాగి సూరత్‌లోనూ, మన కోరమాండల్ తీరంలోనూ అమ్ముడుపోయింది. ఇక్కడ అది నాణేలయింది, వంటపాత్రలయింది. సూరత్ డచ్చి సమాధుల్లో 1691లో కన్నుమూసిన డచ్చి కంపెనీ అధికారి వాన్ రీడ్ సమాధి ఉంది. మన బందరులోనూ డచ్చివాళ్ల సమాధులున్నాయి. ఆ రాళ్ల వెనకున్న వ్యాపారాన్ని ఇంత శ్రద్ధగా చెప్పిన తెలుగు రచన నేనింతకు ముందు చదవలేదు.

అక్కణ్నుంచి పుస్తకం కళాఖండాల కథలోకి వస్తుంది. 1876లో జపాన్ ప్రభుత్వం సమురాయ్‌లు కత్తి ధరించడాన్ని నిషేధించింది. కత్తిపిడులకు నగిషీ చెక్కి బతికేవాళ్లకు పొయ్యిలో పిల్లి లేవని రోజులొచ్చాయి. అప్పుడు ఆ పనితనమే పూలపాత్రల మీదికీ ధూపపాత్రల మీదికీ మళ్లింది. 1873 వియన్నా ప్రదర్శనతోనే వాటికి యూరప్‌లో గిరాకీ కనిపించింది.

షకుదో అనే మిశ్రలోహం గురించిన పేజీలు మళ్లీ మళ్లీ చదివాను. రాగిలో నూటికి నాలుగైదు పాళ్లు బంగారం కలుపుతారు. పోత పోశాక అది ఇంచుమించు మామూలు రాగిలాగే ఉంటుంది. మెరుగు పెట్టి, తురిమిన ముల్లంగి పట్టించి, రొకుషో అనే రాగి లవణం కలిపిన నీళ్లలో ఉడికిస్తే నీలిఛాయ నలుపు తేలుతుంది. పైన వేసిన రంగు కాదది, లోహమే రంగు తిరుగుతుంది. పక్కన పొదిగిన బంగారం మాత్రం చెక్కుచెదరదు. మన బీదరు పనివాళ్లు కూడా కోటమట్టి కలిపిన లేపంతో జింకు మిశ్రమాన్ని నల్లబరిచి, అందులో పొదిగిన వెండిని తెల్లగా నిలబెడతారు. ఈ పోలికను రచయిత ఒక్క వాక్యంలో వదిలేశాడు. మలి ముద్రణలో దీన్ని విస్తరించాలని నా కోరిక.

సాలార్‌జంగ్ మ్యూజియంలో గడియారం గంట విని వెనుదిరిగేవాళ్లు, ఈ పుస్తకం చదివాక జపాన్ వస్తువులున్న గదికీ వెళ్లిరండి. ఇంట్లో ఇలాంటి జపాన్ పాత్ర ఉన్నవాళ్లకు ఒక విన్నపం. ఇత్తడి చెంబులా దాన్ని చింతపండు వేసి తోమకండి. నూరేళ్లకు పైగా నిలిచిన రంగు ఒక్క పూటలో పోతుంది. మెత్తని పొడిగుడ్డతో దుమ్ము తుడిస్తే చాలు.