మనుష్యుని కొలుచు కొలబద్ద

చార్లెస్ డార్విను 1871లో ప్రకటించిన 'ది డిసెంట్ ఆఫ్ మాన్' అను గ్రంథమును మనలో కొందరు చదువకయే ఖండింతురు. మరికొందరు చదువకయే నమ్ముదురు. రెండును న్యాయము కాదు. మనుష్యుడు కోతిజాతులనుండి ఎట్లు వేరుపడెనన్నది ఆ గ్రంథ విషయము. దేవుడు నేలమంటితో నరుని నిర్మించెనని ఆదికాండము చెప్పుచున్నది. ఆ పనికి పట్టిన కాలమునుగూర్చిన తగవు నిక్కడ విడిచి, ఆ గ్రంథము మనుష్యుని దేనితో కొలిచెనో చూతము.

మొదట అందలి మంచిని ఒప్పుకొనవలెను. మనుష్యునికి కోరలు లేవు, వాడిగోళ్లు లేవు, పరుగులో వేగము లేదు. బుద్ధితోపాటు ఒకరికొకరు సహాయపడు గుణము ఆ కొరతను తీర్చెనని డార్విను వ్రాసెను. దుర్బలులను కాపాడుట జాతికి నష్టమని తలంచియు, ఆ కనికరమును అణచుకొనినయెడల మన స్వభావములోని శ్రేష్ఠమైన భాగమే చెడునని ఒప్పుకొనెను. ఇది గొప్ప మాట. అయితే అదే గ్రంథమున ఆయన కొన్ని జాతులవారిని ఐరోపావారికిని కోతులకును నడుమ మెట్టుగా నిలిపెను. ఒక చేత కట్టినదానిని మరియొక చేత పడగొట్టెను.

ఆ కాలపు పండితులలో అనేకులు నమ్మిన ఈ మెట్ల లెక్క మన జిల్లాకును వచ్చెను. మద్రాసు మ్యూజియం అధికారియైన ఎడ్గర్ థర్‌స్టన్, రంగాచారిగారి తోడ్పాటుతో, దక్షిణదేశపు కులములను తెగలనుగూర్చి 1909లో ఏడు సంపుటములు ప్రకటించెను. ఏడవదానిలో మన యానాదులును గలరు. ఆచారములనుగూర్చి అందు విలువైన సంగతులు అనేకము. గాని ముక్కు వెడల్పును పొడవుతో భాగించి నూటికి లెక్కకట్టి మనుష్యులను వరుసపెట్టుట ఏమి శాస్త్రము? ముక్కు ఆకారము పూర్వికులు నివసించిన చోటి వేడిమికిని తేమకును సంబంధించినదని 2017లో ప్రకటింపబడిన పరిశోధన తెలిపెను.

ఆ 1871లోనే ఆంగ్ల ప్రభుత్వము నేరజాతుల చట్టము చేసెను. కొందరు పుట్టుకతోనే దొంగలను తలంపు దానికి పునాది. తరువాత కావలిలో ఎరుకలవారి సెటిల్మెంటును నడిపినది మన అమెరికన్ బాప్టిస్టు మిషనే. ఆ చట్టపు నీడలోనే అక్కడ సువార్త చెప్పితిమని మనము మరువరాదు.

అయితే కోతికిని మనుష్యునికిని నిజమైన భేదమెక్కడ? కోతిపిల్ల పుట్టిననాటినుండి తల్లి పొట్టను కరచుకొని యుండును. మనుష్యశిశువునకు ఆ శక్తి లేదు. మన మెదడు చింపాంజీ మెదడునకు మూడింతలు. పుట్టిన శిశువునకు అందులో మూడవవంతైనను ఎదిగి యుండదు. చింపాంజీ తల్లి తన పసికందును సామాన్యముగా ఇతరుల చేతికియ్యదు. ఐదారేండ్లకు గాని మరల కనదు. మనుష్యులలో తల్లి అంతకంటె త్వరగా కనగలుగుట అవ్వ, మేనత్త, అక్క ఎత్తుకొని పెంచుటవలననే యని సారా హర్డీ అను విదుషీమణి 2009లో ఒక గ్రంథమే వ్రాసెను. తల్లి చేపలగంపతో సంతకు పోగా అవ్వ చంకలో పెరుగు బిడ్డను మన తీరమున చూడనివారెవరు?

ఇరాకు దేశపు షానిదార్ గుహలో 1957లో బయల్పడిన నియాండర్తాల్ మనుష్యుని ఎముకలు చూడుడి. అతని కుడిచేయి చచ్చుబడినది, ముఖము ఒకప్రక్క నలిగినది. అయినను ఆ గాయములు మానిన తరువాత అతడు ఏండ్లతరబడి బ్రదికెను. తోడివారు కాపాడకున్న అది సాధ్యమా యని పండితులనేకులు అడుగుచున్నారు.

కాబట్టి మనుష్యుని కొలుచు కొలబద్ద ముక్కు కాదు, బలహీనుని ఎత్తుకొను చేయి. ఈ కొలతకు యానాది ఎవరికిని తీసిపోడు. నేడు భూమిమీదనున్న మనుష్యులందరు ఒకే జాతియనియు, మన అందరి నడుమనున్న భేదము చింపాంజీల నడుమ భేదముకంటె తక్కువనియు జన్యుశాస్త్రమే సాక్ష్యమిచ్చుచున్నది.

అయినను శాస్త్రము ఇక్కడ ఆగును. తనవారిని ఎత్తుకొనుట ప్రకృతి నేర్పిన పాఠము; పరాయివానిని ఎత్తుకొనుట మంచి సమరయుని ఉపమానములో ప్రభువు నేర్పిన పాఠము. బలహీనమైన అవయవములే మరి అవసరమైనవని పౌలు చెప్పినది (1 కొరింథీ 12:22) సంఘమునుగూర్చియే గదా. ప్రియ చదువరీ, నెల్లూరు తీరమున రొయ్యల గుంటల గట్లమీద కాపలాయుండు యానాది కుటుంబములు నేటికిని గలవు. వారి బిడ్డను బడికి నడిపించు చేయి, ఆదివారమున తన ప్రక్కను కూర్చుండబెట్టుకొను చేయి, మన సంఘములో ఎవరిది?