మాయాబజార్: బొమ్మను ఆడించేది ఎవరు?

1. పరిచయం

'మాయాబజార్' చిత్రాన్ని మీలో చాలామంది చిన్నతనంలోనే చూసి ఉంటారు. ఘటోత్కచుడు విందుకు కూర్చున్నప్పుడు లడ్డూలు వాటంతటవే లేచి అతని నోట్లోకి వెళ్తుంటే నవ్వుకొని ఉంటారు. ఆ నవ్వు ఎందుకు వచ్చిందని మిమ్మల్ని ఎవరూ అడిగి ఉండరు. ఈ భాగంలో ఆ ప్రశ్న వేసుకుందాం. ఈ పాఠ్యరచయిత కూడా ఆ చిత్రానికి అభిమానే. అభిమానం ఉండటం విమర్శకు అడ్డు కాదు. అయితే ఆ అభిమానానికి కారణాలు చూపగలగాలి.

విజయా ప్రొడక్షన్స్ పేరిట నాగిరెడ్డి, చక్రపాణి నిర్మించిన ఈ చిత్రానికి కె.వి. రెడ్డి దర్శకులు. మాటలు, పాటలు పింగళి నాగేంద్రరావు రాశారు. ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్‌ట్లీ. చిత్రం 1957లో విడుదలైంది. దీనికి ఆధారమైన శశిరేఖా పరిణయం కథ వ్యాసభారతంలో లేదు. అది జనం నోట, నాటక ప్రదర్శనల్లో పెరిగిన కథ. 1936లోనే పి.వి. దాసు దర్శకత్వంలో ఇదే కథ తెలుగు సినిమాగా వచ్చింది. సురభి నాటక సమాజాల ప్రదర్శనల్లో 'మాయాబజార్' ఇప్పటికీ పేరున్న నాటకం.

2. తెలిసిన మాయ

పెనుగంచిప్రోలు ప్రాంతం విద్యార్థులకు తిరుపతమ్మ తల్లి రంగుల ఉత్సవం తెలిసే ఉంటుంది. రెండేళ్ళకోసారి దేవతామూర్తులకు రంగులు వేయించడానికి జగ్గయ్యపేటకు తీసుకువెళ్తారు. రంగులద్దడం పూర్తయ్యాక ఊరేగింపుగా మళ్ళీ తీసుకొస్తారు. రంగు వేసేది మనిషి చేయి అని దారి పొడవునా నిలబడిన వారందరికీ తెలుసు. అయినా దండం పెట్టే చేతులు ఆగవు. భక్తి వేరు, కళానుభవం వేరు. రెండింటినీ కలపకూడదు. ఒక్క పోలిక మాత్రం గమనించండి: ఎలా తయారయిందో తెలిసినంత మాత్రాన మనసులోని అనుభూతి చెదిరిపోదు.

తోలుబొమ్మలాటలోనూ ఇదే జరుగుతుంది. పలుచగా చేసిన తోలు మీద బొమ్మను గీసి, రంగులు వేసి, తెల్లటి తెర వెనుక దీపాల వెలుగులో ఆడిస్తారు. అతుకులు కనిపిస్తూనే ఉంటాయి. ఒక్కోసారి ఆడించే మనిషి నీడ కూడా తెర మీద పడుతుంది. అయినా రావణుడు గర్జిస్తే పిల్లలు అమ్మ ఒళ్ళోకి జరుగుతారు. బంగారక్క, జుట్టుపోలిగాడు రాగానే అదే పిల్లలు విరగబడి నవ్వుతారు. 1982లో జిమ్ హెన్సన్, ఫ్రాంక్ ఓజ్ కలిసి దర్శకత్వం వహించిన 'ద డార్క్ క్రిస్టల్' అనే ఆంగ్ల చిత్రంలో తెర మీద మనుషులే ఉండరు, అన్నీ బొమ్మలే. దాన్ని ఇష్టపడిన పిల్లలకు కూడా అవి బొమ్మలని తెలుసు.

'మాయాబజార్'లోని మాయలు ఈ కోవలోనివే. ద్వారకా నగరాన్ని చిన్న నమూనా ఇళ్ళతో కట్టి చిత్రించారు. నేటి కంప్యూటర్ గ్రాఫిక్స్‌తో పోల్చి "ఇందులో ఏముంది?" అనేవారు ఉన్నారు. వారు చిత్రాన్ని తప్పు కొలతతో కొలుస్తున్నారు. మనం చూడవలసింది మాయ ఎంత నిజంగా ఉందన్నది కాదు, ఆ మాయ కథలో ఏ పని చేస్తోందన్నది.

3. బొమ్మలాగా మారిన మనిషి

'మాయాబజార్'లో తోలుబొమ్మలు లేవు. కానీ బొమ్మలాట సూత్రం చిత్రమంతటా ఉంది. కథను గుర్తు చేసుకోండి. శశిరేఖను అభిమన్యుడికి ఇస్తామని పెద్దలు మాట ఇచ్చారు. జూదంలో పాండవులు రాజ్యం పోగొట్టుకోగానే బలరాముడు, రేవతి ఆ మాట తప్పారు. దుర్యోధనుడి కొడుకు లక్ష్మణకుమారుడితో పెళ్ళి నిశ్చయించారు. ఈ మార్పు జరిగేటప్పుడు శశిరేఖ ఇష్టాన్ని లెక్కచేసినవారు లేరు. పెద్దలు ఎటు తిప్పితే అటు తిరగవలసిన బొమ్మగానే ఆమెను చూశారు.

ఇక్కడ పింగళి, కె.వి. రెడ్డి కథను మలుపు తిప్పిన తీరు చూడండి. కృష్ణుడి పథకం ప్రకారం ఘటోత్కచుడు నిద్రపోతున్న శశిరేఖను మంచంతో సహా తన ఆశ్రమానికి చేరుస్తాడు. తానే శశిరేఖ రూపం ధరించి ద్వారకలో ఉండిపోతాడు. ఇక్కడి నుంచి సావిత్రి నటన మొదటి సగంలోని నటన కాదు. ముఖం అదే, నగలు అవే. నడక మాత్రం రాక్షసుడిది. మర్యాదగా కూర్చున్నట్టే కూర్చుని, ఒక్కసారిగా భుజాలు విప్పుతుంది. ఎవరూ చూడడం లేదనుకున్నప్పుడు చూపు మారిపోతుంది. పెళ్ళి పాటలో సుశీల గొంతు మధ్యలో ఘంటసాల గొంతు వినిపిస్తుంది. ఒకే శరీరం నుంచి రెండు గొంతులు. తెర వెనుక ఒక్క కళాకారుడే గొంతు మార్చి పలు బొమ్మలకు మాట ఇవ్వడం మీకు ఇక్కడ గుర్తుకు రావాలి. శశిరేఖ రూపం బొమ్మ అయితే, ఎస్.వి. రంగారావు పోషించిన ఘటోత్కచుడు దాన్ని లోపలి నుంచి ఆడిస్తున్నాడు.

పెళ్ళిపీటల దగ్గర ఈ బొమ్మ వరుడి కాలు తొక్కుతుంది. వికృత రూపాలు చూపి అతన్ని హడలగొడుతుంది. రేలంగి భయపడే తీరుకు పిల్లలు నవ్వుతారు. పెద్దలు ఇంకో కారణానికి కూడా నవ్వుతారు. నోరెత్తకుండా తల వంచి కూర్చోవలసిన పెళ్ళికూతురు ఎదురు తిరిగింది. బొమ్మ అనుకున్నది తన చిత్తం వచ్చినట్టు ఆడటమే ఈ హాస్యానికి మూలం.

4. ఒక అభ్యంతరం

అభిమాని కూడా ఒక ప్రశ్నను దాటవేయకూడదు. ఎదురు తిరిగింది శశిరేఖేనా? కాదు. ఆమె రూపంలో ఉన్న మగవాడు. అసలు శశిరేఖ దూరంగా ఆశ్రమంలో ఉంది. ఘటోత్కచుడిని నడిపించినవాడు కృష్ణుడు. అంటే ఆమె జీవితాన్ని తిప్పే దారాలు తల్లిదండ్రుల చేతి నుంచి మరొకరి చేతికి మారాయి, అంతే అని వాదించవచ్చు. ఈ వాదనలో బలం ఉంది.

అయితే రెండు విషయాలు ఆలోచించండి. కొత్తగా దారాలు పట్టినవారు ఆమెను ఆమె కోరిన వైపే నడిపించారు. రెండవది, ప్రేక్షకుడి జ్ఞాపకంలో మిగిలేది ఘటోత్కచుడి శరీరం కాదు, సావిత్రి శరీరం. ఒక ఆడపిల్ల రూపం అంత స్వేచ్ఛగా, అంత మొరటుగా, అంత హాయిగా కదలడం తెర మీద చూశాం. కథ ఆ స్వేచ్ఛకు రాక్షసమాయ అని పేరు పెట్టింది. నటన దాన్ని నిజం చేసింది. ఈ పాఠ్యరచయిత అభిమానానికి మొదటి కారణం ఇదే.

5. సారాంశం

'మాయాబజార్'లోని మాయలు కళ్ళను మోసం చేయడానికి పెట్టినవి కావు. బొమ్మలాటలో వలె, మాయ అని తెలిసే మనం ఆనందిస్తాం. ఆ ఆనందంలోనే, మాట తప్పిన పెద్దల ముందు నోరు లేని పిల్ల తరఫున ఒక బొమ్మ ఎదురు తిరగడం చూస్తాం. ఇది పిల్లల చిత్రంగా నిలిచింది ఇందుకే, పెద్దలు మళ్ళీ మళ్ళీ చూసేదీ ఇందుకే.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. మాయ నిజంలా కనిపించడానికీ, మాయ కథకు పనికిరావడానికీ తేడా ఏమిటి? చిత్రం నుంచి ఒక ఉదాహరణతో రాయండి.

2. పెళ్ళి సన్నివేశాన్ని ఒకసారి ధ్వని లేకుండా, ఒకసారి ధ్వనితో చూడండి. సావిత్రి శరీరంలో ఘటోత్కచుడు ఎక్కడెక్కడ కనిపించాడో వరుసగా రాయండి.

3. "శశిరేఖ చివరివరకూ బొమ్మగానే మిగిలింది." ఈ అభిప్రాయంతో మీరు ఏకీభవిస్తారా? కారణాలు చూపండి.