మనసు ఒప్పని లెక్కలు

ఎండాకాలం శ్రీనగర్ కాలనీలో మా వీధికి వచ్చే కూరగాయల బండాయన్ని ఒక లెక్క అడిగాను. పది కిలోల కీరదోసలో నూటికి 95 పాళ్లు నీళ్లే అనుకుందాం. ఎండకు వాడి, నీళ్లు 90 పాళ్లకు దిగాయి. ఇప్పుడు బరువెంత? చేత్తో ఎత్తి తూకం చెప్పగల మనిషి ఆయన. "తొమ్మిదిన్నర ఉంటది సార్" అన్నాడు.

ఐదే కిలోలు. నీళ్లు కానిది అరకిలో. అది ఎండకు ఎక్కడికీ పోదు. మొదట అది నూటికి ఐదు పాళ్లు, ఇప్పుడు పది. అరకిలో పదో వంతు కావాలంటే మొత్తం ఐదు కిలోలే ఉండాలి. ఆయన ఒక కాయ చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు. "లెక్క కరెక్టే సార్, మనసే ఒప్పుతలేదు."

నాకు ప్రాణం ఆ ఒప్పని మనసే. రుజువు ముందే ఉన్నా లోపల ఎవరో ఇంకా కాదంటూనే ఉంటారు. ఆ పెనుగులాటలో ఉన్న రుచి తేలిక లెక్కల్లో దొరకదు.

ఈ రుచి మనకు కొత్తది కాదు. మహావీరాచార్యుడి సంస్కృత గణితాన్ని పద్యాల్లో తెలుగు చేసిన పావులూరి మల్లన పేరు మీద ఒక పద్యం ఉంది. చదరంగం గళ్లలో ఒకటి, రెండు, నాలుగు అంటూ రెట్టిస్తూ పోతే వచ్చే మొత్తాన్ని అంకెలకు బదులు మాటలతో చెబుతుంది. కుడి నుంచి ఎడమకు విప్పుకుంటే 18446744073709551615. ఇరవై అంకెల్లో ఒక్కటీ తప్పు పోలేదు!

బియ్యపు గింజ 25 మిల్లీగ్రాములనుకుని ఆ గళ్లలో వేసి చూడండి. మొదటి వరుసంతా కలిపి చెంచాడు. రెండో వరుస నిండేసరికి కిలోన్నర పైచిలుకు. సగం బల్లకు 107 టన్నులు, పది లారీలు. ఇక్కడిదాకా మనసు వెంట వస్తుంది. 64 గళ్లూ నిండాలంటే మాత్రం, ప్రపంచమంతా ఇప్పుడు ఏటా పండించే బియ్యం దాదాపు తొమ్మిది వందల ఏళ్లపాటు పోయాలి.

మా కాలనీ పక్కనే అమీర్‌పేట కోచింగ్ సెంటర్లలో పిల్లలకు నిమిషానికో ప్రశ్న లెక్కన షార్ట్‌కట్లు నేర్పుతారు. పరీక్షకు అది అవసరమే. కానీ ఇలాంటి లెక్కకు ఒక సాయంత్రమంతా ఇవ్వాలి, జవాబు చెప్పకుండా.

మీ అపార్ట్‌మెంట్ మీటింగుకు 23 మంది వస్తే అడగండి: ఇద్దరి పుట్టినరోజు ఒకటే అయ్యే అవకాశమెంత? సగానికి కాస్త పైనే. నమ్మనివాళ్లతో వాదించకండి. 23 మందిలో ఎన్ని జంటలు కుదురుతాయో వాళ్లనే లెక్కపెట్టమనండి. 253 వస్తాయి.