జాయింటు ఫొటో

రిటైరయ్యేవాళ్లు మా ఇంటికి ప్లాస్టిక్ కవరు పట్టుకుని వస్తారు. ముప్పై ఏండ్లు లెక్కల సీట్లో కూర్చున్నందుకు చంద్రగిరిలో నాకు మిగిలిన పేరు ‘పెన్షన్ పేపర్లు రాసే సారు’. పోయిన ఆదివారం ఒక హైస్కూలు మాస్టారు భార్యతో సహా వచ్చాడు. త్వరలో ఆయనకు 62 నిండుతాయి. కవర్లో సర్వీసు రిజిస్టరు జెరాక్సులు, పాసుబుక్కు, జాయింటు ఫొటో కాపీలు.

ఆ ఫొటో అంటే నాకు భలే ఇష్టం. పెన్షన్ పేపర్లకు మొగుడూ పెళ్లాం పక్కపక్కన కూర్చుని దిగింది కావాలి. చాలామందికి పెళ్లి ఫొటో తర్వాత ఇద్దరే దిగిన ఫొటో ఇదే. బజారు స్టూడియోలో నీలం తెర ముందు ఇద్దరూ బిగుసుకుని ఉంటారు, మధ్యలో జానెడు ఎడం. ఈ మాస్టారి ఫొటోలో ఆమె చీర మడతలు ఇంకా విచ్చుకోలేదు, ఆయన జేబులో పెన్నుంది.

“సార్, కమ్యూటేషన్ ఎంత పెట్టమంటారు?” అన్నాడు.

ఈ ప్రశ్నకు నేను ఊరందరికీ జవాబు చెప్పగలను. నాకు నేను చెప్పుకోలేకపోయాను. 2014లో రిటైర్మెంటు వయసు 58 నుంచి 60కి పెంచారు కాబట్టి నాకు రెండేళ్లు కలిసొచ్చింది. దిగిపోయే రోజున పెన్షన్లో నిండుగా 40 శాతం కమ్యూట్ చేసి, అంటే ముందే ఒకేసారి డబ్బుగా తీసుకుని, దాంతో మిద్దె మీద మిద్దె వేశాను. అద్దెకొస్తారనుకున్న యూనివర్సిటీ పిల్లలు తిరుపతిలోనే దిగుతున్నారు. పై వాటాలో ఇప్పుడు చెనక్కాయల మూటలున్నాయి. 30 వేల పెన్షన్లో 40 శాతం అంటే నెలకు 12 వేలు కోత. కరువు భత్యం మొత్తం పెన్షన్ మీదే లెక్కగడతారు, అదొక్కటే ఊరట. కోసేసిన ముక్క తిరిగి అతకాలంటే 15 ఏండ్లు ఆగాల.

ఇదంతా పాత పెన్షన్ వాళ్ల గోల. 2004 సెప్టెంబరు నుంచి చేరినవాళ్లది సీపీఎస్ అనే కొత్త పెన్షన్ పద్ధతి, వాళ్ల బాధ ఇంకో వారం రాస్తాను. గ్రాట్యుటీ డబ్బు గురించి మాత్రం మాస్టారికి ఒకటే చెప్పాను. పోస్టాఫీసులో సీనియర్ సిటిజన్ స్కీముంది, 30 లక్షల దాకా వేసుకోవచ్చు, మూణ్నెల్లకోసారి వడ్డీ చేతికొస్తుంది. చీటీల జోలికి పోవద్దు.

తలూపి, కవరు అడుగునుంచి ఇంకో కాగితం తీశాడు. గిఫ్టు డీడు ముసాయిదా.

“ఇల్లు అబ్బోడి పేరన రాసిచ్చేద్దామని సార్. ఎప్పుడైనా వాడిదే కదా.”

గిఫ్టు డీడు మాట వింటే నాకు మా కోటలోని రాజమహల్ గుర్తొస్తుంది. 1565లో తళ్లికోట దగ్గర దెబ్బతిన్నాక రాయల రాజ్యం పెనుకొండకు, అక్కణ్ణుంచి మా ఊరికి చేరింది. ఒకరకంగా ఆ రాజ్యం రిటైరై ఇక్కడికొచ్చింది. ఆ ముసలితనంలోనే, 1639లో, రాయల కింది నాయకుడు దామెర్ల వెంకటాద్రి సముద్రమొడ్డున కాస్త ఇసుకనేల ఇంగ్లీషు కంపెనీకి రాసిచ్చాడు. దానికి రాయల ఆమోదం ఈ మహల్లోనే పడిందని ఇక్కడ చెప్పుకుంటారు. ఆ నేలే మద్రాసైంది. రాసిచ్చినవాళ్ల కోటను ఇప్పుడు మనం టిక్కెట్టు కొని చూస్తున్నాం.

మాస్టారు నవ్వాడు గానీ కాగితం లోపల పెట్టలేదు. అప్పుడు చట్టం తీశాను. తల్లిదండ్రుల పోషణకు 2007లో చట్టమొచ్చింది. చూసుకుంటాననే షరతు మీద రాసిచ్చిన ఆస్తిని, చూసుకోకపోతే రద్దు చేయమని 23వ సెక్షను కింద ట్రిబ్యునల్లో అడగొచ్చు. షరతు లేకుండా ప్రేమకొద్దీ రాసిచ్చేస్తే సెక్షను పట్టదని 2022లో సుప్రీంకోర్టు తేల్చింది. 2025 జనవరిలో అదే కోర్టు, పెద్దల మేలు కోసం పుట్టిన చట్టాన్ని ఉదారంగా చదవాలని ఒక తల్లి పక్షాన తీర్పిచ్చింది. కోర్టు ఉదారంగా ఉందని మనం ఆర్డీఓ ఆఫీసు మెట్లెక్కుతూ బతకలేం కదా. మెట్లే ఎక్కాలంటే మనకు శ్రీవారి మెట్టుంది, 2,388 మెట్లు. వారానికోసారి ఎక్కుతాను. రిటైరయ్యాక వేసిన ప్లాన్లలో నాకు నిలిచింది అదొక్కటే, అదీ ఎడమ మోకాలు ఒప్పుకున్నన్నాళ్లే.

“వీలునామా రాయండి మాస్టారూ. మీ తర్వాత ఆమెకు, ఆ తర్వాత అబ్బోడికి. మీరుండంగా ఇల్లు మీదే. మనసు మారితే తిరగరాసుకోవచ్చు.”

“వాడేమనుకుంటాడో సార్.”

అంతసేపూ పలకని ఆమె అప్పుడు నోరు విప్పింది. “సార్, ఈ కాగితాల్లో నా పేరు యాడుండాది?”

పెన్షన్ ఫారాలు తిప్పి చూపించాను: ఫ్యామిలీ పెన్షన్ గడిలో ఒకసారి, నామినేషన్లో ఒకసారి, ఫొటో కింద ఒకసారి. ఆమె వేలుపెట్టి మూడూ చదువుకుంది. తర్వాత గిఫ్టు డీడు అందుకుంది. మాస్టారు కిటికీలోంచి కోట గుట్ట చూస్తున్నాడు. నాలుగు పేజీలు ఓపిగ్గా తిప్పింది. ఆమె పేరు ఆఖరి పేజీలో దొరికింది, సాక్షుల దగ్గర.