సిరీస్ బల్బు చెప్పే సంగతి

సికింద్రాబాద్ పార్క్ లేన్‌లో, చెనాయ్ ట్రేడ్ సెంటర్ చుట్టుపక్కల, మానిటర్లు బాగుచేసే బల్లల దగ్గర నిలబడి పని చూడటం నాకు ఇష్టం. మంచి మెకానిక్ స్క్రూడ్రైవర్‌ను చాలా ఆలస్యంగా తీస్తాడు.

"వెలగడం లేదు" అంటూ మానిటర్ తెస్తారు. ఆ ఒక్క మాటలో రకరకాల రోగాలుంటాయి. ముందు పవర్ కేబుల్ మార్చి చూస్తాడు. తర్వాత కంప్యూటర్ నుంచి వచ్చే కేబుల్ పీకేస్తాడు. మానిటర్ ఆరోగ్యంగా ఉంటే సిగ్నల్ లేదని తెర మీద అదే చెబుతుంది. ముందున్న చిన్న లైటు వెలుగుతున్నా తెర నల్లగా ఉంటే, దాని మీద ఏటవాలుగా టార్చి వేస్తాడు. బొమ్మ లీలగా కనిపించిందంటే ప్యానెల్ బాగానే ఉంది. పోయింది వెనక దీపాలో, వాటికి కరెంటు ఇచ్చే భాగమో. లైటే రాకపోతే అనుమానం పవర్ బోర్డు మీదికి వెళ్తుంది. ఇంత తేలాకే మూత విప్పుతాడు.

ఇక్కడి నుంచి ప్రమాదం ఉంది, ఇంట్లో ప్రయత్నించే పని కాదు. 230 వోల్టుల కరెంటు డయోడ్లు దాటి పెద్ద కెపాసిటర్‌లో దాదాపు 325 వోల్టుల డీసీగా నిలుస్తుంది. ప్లగ్గు తీసేశాక కూడా అది ఉండిపోవచ్చు. అందుకే మీటరుతో కొలిచి, రెసిస్టర్ గుండా మెల్లగా దించేస్తాడు. స్క్రూడ్రైవర్‌తో రెండు కాళ్లూ కలిపి నిప్పురవ్వలు రప్పించేవాళ్లూ ఉన్నారు. దాన్ని నేను పనితనం అనను.

ఫ్యూజ్ పోయి ఉంటే వెంటనే కొత్తది వేయడు. ఫ్యూజ్ ఊరికే పోదు కదా! డయోడ్లూ, స్విచ్‌లా పనిచేసే మాస్‌ఫెట్ ట్రాన్సిస్టరూ షార్ట్ అయ్యాయేమో చూసి, పోయినవి మార్చి, అప్పుడు సిరీస్ బల్బుకు తగిలిస్తాడు. కరెంటు దారిలో వరసగా కలిపిన 60 లేదా 100 వాట్ల పాతకాలపు ఫిలమెంట్ బల్బు అది. బోర్డులో ఇంకా షార్ట్ ఉంటే బల్బు నిండుగా వెలుగుతుంది, వోల్టేజీ అంతా తన మీదే వేసుకుని కొత్త భాగాలను కాపాడుతుంది. అంతా సవ్యంగా ఉంటే పెద్ద కెపాసిటర్ నిండేంతసేపు ఒక్కసారి మెరిసి, మసకబారిపోతుంది. ఇంత చవకగా, ఇంత నిజాయితీగా జవాబిచ్చే పనిముట్టు ఆ బల్ల మీద మరొకటి లేదు.

మానిటర్ ముందున్న లైటు వెలిగి ఆరుతూ ఉంటే చూపు చిన్న కెపాసిటర్ల వైపు తిరుగుతుంది. 2000 తర్వాతి తొలి ఏళ్లలో నాసిరకం కెపాసిటర్లు ఎన్నో మదర్‌బోర్డులనూ మానిటర్లనూ పాడుచేశాయి. తల ఉబ్బినవి కంటికే దొరుకుతాయి. ఉబ్బకుండానే లోపల ఎండిపోయినవాటిని ఈఎస్ఆర్ మీటరు, అంటే వాటి లోపలి నిరోధాన్ని కొలిచే పరికరం, పట్టిస్తుంది. హీట్‌సింకు పక్కనున్నవే ముందు పోతాయని అనుభవజ్ఞుడికి తెలుసు. కొత్తవి 105 డిగ్రీల రకం, తక్కువ ఈఎస్ఆర్‌వి తెస్తాడు. వోల్టు రేటింగ్ పాతదానికి తగ్గనివ్వడు. పక్కనున్న చార మైనస్ వైపుకే ఉందో లేదో టంకం వేసేముందు మరోసారి చూస్తాడు.

తెర వెలగగానే ఇచ్చి పంపడు. ఎండిన కెపాసిటర్ వేడెక్కితే కాస్త కోలుకుంటుంది, అందుకే ఈ జబ్బు చల్లగా ఉన్నప్పుడే బయటపడుతుంది. సెట్టును రాత్రంతా ఆపి ఉంచి, పొద్దున మొదటి నొక్కుకే వెలిగితే అప్పుడు మూత బిగిస్తాడు.