లేసు అల్లికలపై ఒక పరిశోధన: చదవవలసిన తీరు

సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కితే వశిష్ఠ గోదావరి దాటి నరసాపురం చేరవచ్చు. అటు పశ్చిమ గోదావరి, ఇటు కోనసీమ. రెండు ఒడ్డుల పల్లెల్లోనూ స్త్రీలు ఇంటి అరుగుల మీద కూర్చుని కొక్కెం సూదితో లేసు అల్లుతారు. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ 1970ల చివర నరసాపురం ప్రాంతంలో ఈ పనిని పరిశోధించారు. అంతర్జాతీయ కార్మిక సంస్థ కోసం చేసిన ఆ అధ్యయనం 1982లో 'ది లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్' అనే పుస్తకంగా లండన్‌లో వెలువడింది. మన సార్వత్రిక విశ్వవిద్యాలయం ఏర్పడినది కూడా ఆ సంవత్సరమే.

చదువు ఉపాధికి పనికిరావాలని తరచు వింటుంటాం. దానికి సూచించే మార్గం ఒక్కటే: నైపుణ్యం నేర్పండి అని. మీస్ గ్రంథం చదివితే ఈ మాట ఎంత అసంపూర్ణమో తెలుస్తుంది. 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీల ద్వారా వచ్చిన ఈ అల్లిక తల్లి నుంచి కూతురికి అందుతూనే ఉంది. నైపుణ్యానికి కొదవ లేదు. లేనిది కూలి. ఒకరు పువ్వులు అల్లుతారు, మరొకరు వాటిని అతుకుతారు, ఏజెంటు పోగుచేస్తాడు, ఎగుమతిదారు విదేశాలకు పంపుతాడు. పూర్తయిన సరుకు ధర పువ్వు అల్లిన మనిషికి తెలియదు. పైగా ఆమెను అందరూ గృహిణి అనే అంటారు, తీరిక వేళ కాలక్షేపానికి అల్లుకుంటుందంటారు. రోజుకు ఆరేడు గంటలు చేసే పనిని తీరిక అనడంలోనే కూలి తగ్గించే కిటుకు ఉందని మీస్ చూపారు. దీనికి ఆమె పెట్టిన పేరును మనం 'గృహిణీకరణ' అనుకోవచ్చు. గోషా, పరువు అంటూ ఇల్లు కదలని స్త్రీల కంటే పొలం పనికి వెళ్లే దళిత స్త్రీలకు సంపాదన, స్వేచ్ఛ ఎక్కువగా ఉన్నాయన్న పరిశీలన ఈ గ్రంథంలో అన్నిటికంటే పదునైనది.

అయితే ఈ పుస్తకాన్ని తలవంచి చదవనక్కరలేదు. కొందరు స్త్రీల జీవిత వివరాలు ఉన్నా, చివరికి వాళ్లు ప్రపంచ మార్కెట్టు గురించిన ఒక సిద్ధాంతానికి సాక్ష్యాలుగా మిగులుతారు. పిల్లలను చూసుకుంటూ చేసుకోగల పనిగా దీన్ని ఎంచుకోవడంలో వాళ్ల సొంత లెక్క ఏదైనా ఉందా అన్న ప్రశ్నకు చోటు తక్కువ. పుస్తకం ఇంగ్లీషులో వచ్చింది. ఎవరి గురించి రాశారో వాళ్లు చదవగల భాష కాదది. ఆ తరువాత గోదావరి జిల్లాల నుంచి ఎందరో స్త్రీలు ఇంటిపనికి గల్ఫ్ దేశాలకు వెళ్లారు. సొంత ఇంట్లో చేస్తే పనిగా లెక్కకు రానిది కువైట్‌లో చేస్తే జీతం తెస్తున్నది! మీస్ వాదన ఇక్కడ బలపడుతుందా, సడలుతుందా? బలపడుతుందనే నా అభిప్రాయం. కాని మీరు ఒప్పుకోవలసిన పని లేదు.

2024లో నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు లభించింది. పేరుకు రక్షణ దొరికింది. ఆ రక్షణ వల్ల పువ్వు అల్లే చేతికి కూలి ఎంత పెరిగిందన్నది విడిగా అడగవలసిన ప్రశ్న.

తరగతి గదిలో కూర్చునే విద్యార్థికి ఈ ప్రశ్న దూరం. మీకు దగ్గర. మీలో కొందరు పగలంతా పనిచేసి రాత్రి ఈ పాఠం చదువుతున్నారు. కొందరి ఇళ్లలోనే సూది, దారపు ఉండ ఉన్నాయి. కనుక ప్రాజెక్టు పనికి విషయం కోసం వెతుక్కోవద్దు. మీ ఇంట్లోనో పక్కింట్లోనో అల్లేవారు ఉంటే, వారి అనుమతితో, వారం రోజుల పాటు సూది పట్టిన వేళ, దించిన వేళ రాసుకోండి. దారం ఎవరిదో, ముక్కకు ఎంత ఇచ్చారో అడగండి. గంటకు ఎంత పడిందో లెక్కకట్టి, మొదట ఆ అల్లిన మనిషికే చదివి వినిపించండి. ఆమె ఏమన్నదో కూడా నివేదికలో చేర్చండి.