ఉచ్చ గురువు, ఊరి పుట్టుకల పుస్తకము

గడచిన ఆదివారము మంకమ్మతోటలో మా బావమరిది ఇంట మనుమని అన్నప్రాశనము. పిల్లవాని నాలుకకు పరమాన్నము ఇంకను తాకకమునుపే అతడు నన్ను పక్క గదిలోనికి పిలిచి, ప్రత్యేకముగా అచ్చువేయించి వచ్చినవారికెల్ల పంచిపెట్టుటకు సిద్ధపరచిన కాగితమొకటి నా చేతిలో పెట్టెను.

"సూడు బావా, నీకు నమ్మకం లేదంటవు గదా. ఎవలెవలున్నరో సదువు."

ఉచ్చరాశియైన కర్కాటకమున గురువు గల మహనీయుల పట్టిక యది. మొదట శ్రీరామచంద్రుడు, ఆ వెనుక సురవరం ప్రతాపరెడ్డి, సి. నారాయణరెడ్డి, అబ్దుల్ కలాం. చిట్టచివర, ఎర్ర అక్షరములలో, ఆ నాటి శిశువు. పిల్లవాడు కిందటి కార్తీకమున పుట్టినాడు. ఆ దినములలో గురువు అతిచారముచేత మిథునమును దాటి కర్కాటకమున కాలు మోపి, ఏడు వారములైన కాకమునుపే వక్రించి వెనుకకు పోయినాడు. ఆ యిరుకు సందున పుట్టుటయే మహద్భాగ్యమని మా బావమరిది యభిప్రాయము. పీటలమీద కూర్చుండబెట్టి పుస్తకము, కలము, బంగారము, కత్తి ముందుంచినప్పుడు, ఆ భాగ్యశాలి వానిలో దేనిని ముట్టక తన పేరున్న కాగితమునే లాగికొని నోట పెట్టుకొన్నాడు.

లెక్క తప్పని నేననలేను. ఇంటికి వచ్చి పాత పంచాంగములు తిరగవేసి చూచితిని. సురవరము వారు జన్మించిన 1896 మే 28 నాడు గురువు కర్కాటకముననే యున్నాడు. హనుమాజిపేటలో నారాయణరెడ్డిగారు పుట్టిన 1931 జూలై 29 నాడును, రామేశ్వరమున కలాముగారు పుట్టిన అదే యేటి అక్టోబరు 15 నాడును అక్కడనే యున్నాడు. రాముని మాట వాల్మీకియే చెప్పియున్నాడు: ఐదు గ్రహములు ఉచ్చస్థానములనుండగా, గురుచంద్రులు కర్కాటక లగ్నమున కూడియుండగా నా పుట్టుక జరిగినది. లెక్క ఒప్పగుటయే నాకు చిరాకు తెప్పించినది. తప్పైయుండినచో ఒక నవ్వుతో పోయెడిది.

గురువు ఒక రాశిలో రమారమి యేడాది యుండును. శని రెండున్నర యేండ్లుండును. చంద్రుడు రెండుంబావు దినములకు ఇల్లు మారును, లగ్నము రెండు గంటలకు మారును. ఈ మెట్లను పైనుండి కిందికి దిగివచ్చిన కొలది జాతకము ఒక మనిషికి దగ్గరపడుచుండును. పై మెట్టునందే నిలిచి చూచినచో కనబడునది మనిషి కాదు, ఆ యేటి జనమంతయు. ప్రజోత్పత్తి నామ సంవత్సరమున కర్కాటక గురువు ఒక్క హనుమాజిపేట మీదనే దయతలచినాడా? ఆ నెలలలో మానేరున కిరుదరుల పుట్టిన బిడ్డలకెల్ల ఆతడు ఉచ్చలోనే యుండెను. వారిలో గుంటమగ్గమున కూర్చుండి కాలము వెళ్లబుచ్చినవారున్నారు, పసురములు కాచినవారున్నారు, ఏడాది నిండకయే మశూచికి బలియైనవారున్నారు. వారెవ్వరి పేరును అచ్చువేయించి పంచినవారు లేరు. 1988లో ఒకరికి జ్ఞానపీఠము రాగా, గురువు ఆ యొకరివాడైపోయెను!

పేర్ల మాట వచ్చినది గనుక ఒకటి చెప్పి ముందునకు పోయెదను. సురవరము వారు పుట్టిన సంవత్సరము దుర్ముఖి. పి.వి. నరసింహారావుగారు పుట్టిన 1921, దుర్మతి. గోలకొండ పత్రికకు ప్రాణము పోసి, ఆంధ్రుల సాంఘిక చరిత్రను వ్రాసిన సుముఖునకు దుర్ముఖియు, అన్ని భాషలు నేర్చిన మేధావికి దుర్మతియు! పైగా, ఈ సీమనుండి ప్రధానమంత్రి పీఠమెక్కిన ఆ వంగర మనిషి మా బావమరిది పట్టికలో లేనే లేడు. ఏలయన, ఆయన పుట్టిన జూన్ 28 నాటికి గురువు కర్కాటకమును విడిచి సింహమున శనితో కలిసి కూర్చున్నాడు.

అంతటితో ఊరకుండక, నా వంతుగా నేనొక పేరు చేర్చితిని. కాళోజీ నారాయణరావుగారు పుట్టినది 1914 సెప్టెంబరు 9. ఆ దినమును మనము తెలంగాణ భాషా దినోత్సవముగా జరుపుకొనుచున్నాము. ఆనాడు గురువెక్కడ? మకరమున, అనగా కర్కాటకమున కెదురుగానున్న తన నీచస్థానమున. ఫోనులో ఈ సంగతి చెప్పగా అవతలనుండి ఒక్క క్షణమైనను ఆలస్యము కాలేదు.

"నీచభంగమైంది, బావా! అదింకా గొప్ప."

ఉచ్చలోనున్న గొప్ప, నీచలోనున్న మరింత గొప్ప. ముందు వాకిట వచ్చినవానిని, దొడ్డి వాకిట వచ్చినవానిని ఒకే పీటమీద కూర్చుండబెట్టు ఇల్లిది.

న్యాయముగా చెప్పవలెనన్న, ప్రసిద్ధుల జాతకములు కూర్చుట నిన్నటి వేడుక కాదు, దానిని పద్ధతిగా చేసినవారును కలరు. శ్రీకాకుళమున పుట్టి బెంగుళూరున స్థిరపడిన బి. సూర్యనారాయణరావుగారు 1895లో జ్యోతిష పత్రికను ప్రారంభించిరి. అది ఆగిపోగా 1936లో మరల నిలబెట్టిన మనుమడు బి.వి. రామన్ గారు కృష్ణుడు, బుద్ధుడు మొదలుకొని తమ కాలపు నాయకులవరకు జాతకములను ఒక గ్రంథముగా కూర్చిరి. అయితే ఆయన ఒక గ్రహమును పట్టుకొని ఊరేగలేదు. జన్మకాలము, స్థలము, రాశి, నవాంశ, దశాశేషము అన్నియు ముందుంచి తరువాత మాటాడెను. ఫ్రాన్సులో మిషెల్ గోక్లెన్ అను నాతడు 1955లో మేటి క్రీడాకారుల జన్మసమయమున కుజుడున్న తావులను లెక్కించి పెద్ద దుమారము రేపెను. ఆ లెక్క నిలిచినదా లేదా యను తగవు చిరకాలము సాగినది. నాకు దానిలో ఆశ్చర్యము కలిగించినది కుజుడు కాడు. ఆ దేశపు జనన దస్తరములలో ప్రతి శిశువు పుట్టిన గంటయు వ్రాసియుండుటయే నాకబ్బురము. మన జనన ధ్రువపత్రమున తేదీ యుండును గాని వేళ యుండదు.

తేదీ యనగానే నా పాత గుఱ్ఱము సకిలించినది. ఈ శీర్షికను మొదటినుండి చదువుచున్నవారు దానిని వినివిని విసిగియుందురు, క్షమింపుడు. సర్కారు లెక్కలో నేను పుట్టినది 1950 జూలై 1. బడిలో చేర్చుకొన్న పంతులుగారు నా కుడిచేతిని తలమీదుగా ఎడమచెవికి చాపించి చూచి, అందినదని తృప్తిపడి, ఆ తేదీని వేసినారు. మా తరగతిలో సగముమందిమి జూలై ఒకటిననే పుట్టినాము! ఆ నాడు మా ఊర పురిటిళ్లెన్ని, మంత్రసానులెందరు, వేడినీళ్లకు కట్టెలెట్లు చాలినవని నేను నేటికిని ఆలోచించుచుందును. నిజమునకు నేను పుట్టినది ఖర నామ సంవత్సర శ్రావణమున, అనగా 1951 ఆగస్టున. బడి తేదీకి కుంభమందున్న గురువు నా అసలు పుట్టుకకు స్వక్షేత్రమైన మీనమునకు చేరియున్నాడు. దానివలన కలిగిన లాభము కనబడలేదు గాని, నష్టమునకు మాత్రము లెక్కయున్నది: 2008 జూన్ 30 నాడు పూలదండ వేసి నన్ను ఇంటికి పంపిరి, పదునాలుగు నెలల జీతము పోయినది. అంతకుముందు నేను జాతకపు చుట్టను చేతబట్టుకొని ఒక కార్యాలయమునకు పోగా, అక్కడి గుమాస్తా దానిని విప్పియైనను చూడక, "ఇది చెల్లదు సార్" అనినాడు.

ఆ చుట్టను వ్రాసినవారు మా ఊరి సిద్ధాంతిగారు. మంథని వైపునుండి వచ్చి మా ఊర స్థిరపడిన కుటుంబము వారిది. నాకు పదేండ్లు వచ్చునప్పటికి ఆయన డెబ్బదికి చేరువలో నుండెను. చూపు మందగించినది గనుక సాయంకాలము పంచాంగమును చదివి వినిపించుట నా పని, అందుకు కూలి గుప్పెడు వేయించిన పల్లీలు. పురిటి కబురు వచ్చినదా, ఆయన వెళ్లి ఆ యింటి అరుగుమీద కూర్చుండెడివాడు. లోపల బిడ్డ భూమిని పడగానే మంత్రసాని గడపమీదుగా ఒక నిమ్మకాయను బయటికి దొర్లించెడిది. పగలైనచో ఆయన వెంటనే ఎండలోనికి దిగి, తన నీడను తన పాదములతో కొలిచి ఘడియలు కట్టెడివాడు. రాత్రియైనచో నడినెత్తినున్న నక్షత్రమును చూచెడివాడు. మబ్బు రాత్రియైనచో, "వేళ నిశ్చయము కాదు" అని వ్రాసెడివాడు. ఊహించి వేయుట ఆయన యెరుగడు. పసుపు పూసిన కాగితముమీద, జాతకముల మొదట వ్రాయు శ్లోకముతో ఆరంభించి, సంవత్సరము, అయనము, మాసము, తిథి, వారము, నక్షత్రము, ఘడియలు, విఘడియలు వరుసగా నింపి, చుట్టచుట్టి యిచ్చెడివాడు. ప్రతిఫలము కుంచెడు జొన్నలు, లేదా ఏమియు లేదు.

వ్రాసి యిచ్చుటకుముందు ఆ వివరములను ఎర్రగుడ్డ అట్టగల పొడవాటి ఖాతాపుస్తకమున ఎత్తిపెట్టుకొనెడివాడు. షావుకారులు అప్పులు వ్రాసికొను బాపతు పుస్తకమది. దొర మనుమడును, సాలె నర్సయ్య యనువాని కొడుకును ఒకే పుటలో పైకిందులుగా నుండిరి. అందరి పుట్టుకలును దానిలో కలవని చెప్పలేను; వాడ యవతలివారి పురిటికి ఆయనను పిలిచినవారు లేరు, పిలువకున్నను పోవలెనన్న తలపు ఆయనకు రాలేదు. ఆ లోపమును నేను మరువలేదు. ఒకనాడు నా పుటను నేనే వెదకి పట్టుకొంటిని. నా పేరునకు పైన ఒకడు, కింద ఒకడు, ముగ్గురమును మీన గురువు బిడ్డలమే. పైవాడు భీవండిలో సాంచలమీద బ్రతుకు వెళ్లదీసినాడు, కిందివాడు గోదావరిఖని బొగ్గుబావిలో దిగినాడు, నడుమనున్న నేను మీకిట్లు వారమువారము విసుగు కలిగించుచున్నాను. మాలో గొప్పవాడెవడగునని బాలుని చాపల్యముతో అడిగితిని.

"గొప్పోడు అయితడా కాడా అది నాకెందుకురా? వచ్చిండు, ఎప్పుడొచ్చిండో రాసిన," అనినాడు ఆయన.

ఇంతవరకు చదివినవారు, నేను జాతకమును చింపి మానేరున వేయుమందునని అనుకొనియుందురు. కలము పట్టినప్పుడు నేనును అట్లే యనుకొంటిని. కాని కాళోజీగారి గురువు మకరమున నుండెనని బావమరిదితో వాదించుటకైనను నాకాయన పుట్టిన తేదీ కావలసివచ్చినది గదా. కొమురం భీము జాతకమును ఎవరైనను వేయగలరా? 1901 అని ఒక యేడు చెప్పుకొందురు. అడవిలో పిల్లవాడు పడిన వేళను గుర్తుపెట్టి వ్రాసినవాడెవడు? ఆయన ప్రాణమిచ్చిన జోడెఘాట్ లో మాత్రము జనులు ఏటేట ఆశ్వయుజ పూర్ణిమ నాడు చేరుచున్నారు. చావునకు చంద్రుడు సాక్షిగానున్నాడు, పుట్టుకకు ఎవ్వరును లేరు. నిజాము కాలమున ఫసలీ సంవత్సరములలో, ఆజూరు, దై యను నెలలలో వ్రాసిన దస్తరములు కొన్ని కలవు; అవియును బడి గడపను, కచేరి గడపను తొక్కినవారివే. తొక్కనివారు ఎప్పుడు పుట్టిరో చెప్పు కాగితము మన పల్లెలలో ఏదైన నున్నదనిన, అది సిద్ధాంతి వ్రాసిన ఆ పసుపు చుట్టయే. ఫలితభాగమును నేను నేటికిని నమ్మను. జన్మకాలము వ్రాసిన మొదటి నాలుగు పంక్తులను మాత్రము, నా సర్వీసు పుస్తకముకంటె ఎక్కువగా నమ్ముదును.

ఆ ఎర్రట్ట పుస్తకము నేడు లేదు. సిద్ధాంతిగారు పోయిన చాలాకాలమునకు, 2015 గోదావరి పుష్కరములకు వచ్చిన ఆయన వంశీయులు, పవిత్రమైన వ్రాతను చెత్తకుప్పలో వేయరాదన్న భక్తితోనే, దానిని తాటాకు గ్రంథములతో కలిపి మూటకట్టి నదిలో విడిచిరి. నేను పదునైదు దినములు ఆలస్యముగా పోయి అడిగితిని.

బావమరిది మనుమనికి జాతకమును నేనే నా చేతితో వ్రాసి యిచ్చితిని. ఆసుపత్రి చీటీమీది గంట, నిమిషము దానిలో నున్నవి. గురువు పేరును నల్లసిరాతోనే వ్రాసితిని. అతనికి కొంచెము కోపము వచ్చినది.

గురువు కర్కాటకమును విడిచి సింహమున ప్రవేశించినప్పుడు గోదావరికి పుష్కరములు. మరల 2027లో వచ్చుచున్నవి. ధర్మపురికో, మంథనికో, కాళేశ్వరమునకో మీరు తప్పక పోవుదురు. పోవునప్పుడు అటకమీది పాత జాతకపు చుట్టలను మూటకట్టుకొని పోవలదు. వానిలోని సంవత్సరము, తిథి, ఘడియలు, ఊరు, తల్లిదండ్రుల పేరులు ఒక తెల్లకాగితముమీద ఎత్తి వ్రాసి, చుట్టను ఎండతగలని చోట భద్రపరచుడు. ఆ వ్రాత చదువరాకున్నచో మా యింటికి తీసికొనిరండు. ఆదివారము పొద్దుటిపూట నేను ఇంటనే యుందును.